డీఓ మీటరుకు మన ఊరి గాలి నేర్పాలి: ఆప్టికల్ సెన్సార్ వాడేవాళ్ళ కోసం

డీఓ అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. దాన్ని వెలుగుతో కొలిచే ఆప్టికల్ డీఓ మీటరు కొత్తగా కొన్నవాళ్ళకు నేను ముందే ఒక మాట చెప్పేస్తాను. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని స్క్రీన్ మీద కనపడే అంకెను ఆ సెన్సార్ నేరుగా కొలవదు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఒత్తిడితో ఉందో అంతవరకే దానికి తెలుస్తుంది. మిగతా లెక్కంతా మీటరు లోపలి చిప్ కడుతుంది. దానికి నీటి వేడి, ఊరి గాలి ఒత్తిడి, నీళ్ళలో ఉప్పు అనే మూడు అంకెలు కావాలి. వేడి సంగతి అదే చూసుకుంటుంది. గాలి ఒత్తిడీ ఉప్పూ మాత్రం చాలా మీటర్లకు మనమే చెప్పాలి. చెప్పలేదా, కంపెనీ నుంచి వచ్చిన అంకెలతోనే లెక్క కట్టేస్తుంది. అవి సముద్రమట్టం అంకెలు. మనం ఉండేదేమో రాయలసీమ.

కర్నూలులో నాది ల్యాబు మీటర్ల రిపేరు పని. కాలేజీల పీహెచ్ మీటర్లు, అపార్ట్‌మెంట్లలోని మురుగునీటి ప్లాంట్ల ప్రోబులు వస్తుంటాయి. ఈమధ్య చేపల రైతుల డీఓ మీటర్లే ఎక్కువ వస్తున్నాయి. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి నా బల్ల మీదికి వచ్చేవాటిలో నిజంగా చెడిపోయినవి తక్కువ. క్యాప్‌కు నాచు పట్టి ఉంటుంది, లేకపోతే సెట్టింగు వేరే ఊరిది ఉంటుంది. భీమవరం, కైకలూరు వైపు నుంచి సెకండ్‌హ్యాండులో తెచ్చుకున్న మీటర్లయితే మరీను. రొయ్యల చెరువులో వాడిన ఉప్పు సెట్టింగు అలాగే ఉండిపోతుంది. దాన్నే తెచ్చి గాజులదిన్నె రిజర్వాయరు మంచినీళ్ళలో ముంచుతారు.

క్యాప్ లోపల ఏం జరుగుతుంది

ప్రోబు చివర నల్లటి చిన్న మూత ఉంటుంది. దాన్నే క్యాప్ అంటాం. దాని మొహం మీద పలుచటి ప్లాస్టిక్ పొర, ఆ పొరలో ఒక రంగు పదార్థం కలిపి ఉంటాయి. సాధారణంగా అది రుథేనియం అనే లోహంతోనో, ప్లాటినంతోనో తయారైన రసాయనం. లోపలున్న నీలం ఎల్‌ఈడీ దాని మీద వెలుగు కొడితే ఆ రంగు ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపు ఉండేది సెకనులో లక్షల వంతు మాత్రమే. ఆక్సిజన్ అణువు వచ్చి రంగుకు తగిలితే, మెరుపుగా బయటికి రావాల్సిన శక్తిని అది లాగేసుకుంటుంది. మెరుపు ఇంకా త్వరగా ఆరిపోతుంది. అంటే ఆక్సిజన్ ఎక్కువుంటే మెరుపు తొందరగా ఆరుతుంది, తక్కువుంటే ఇంకాసేపు నిలుస్తుంది. ఈ రెంటికీ ఉన్న లెక్కను ఒట్టో స్టెర్న్, మాక్స్ వోల్మర్ అనే శాస్త్రవేత్తలు 1919లోనే రాసిపెట్టారు. ఈరోజు మీ చేతిలోని మీటరు చేసేది ఆ లెక్కే.

మంచి మీటర్లు మెరుపు ఎంత ప్రకాశంగా ఉందో పట్టించుకోవు, ఎంతసేపటికి ఆరిందో చూస్తాయి. అందుకే రంగు కొంచెం వెలిసినా, ఎల్‌ఈడీ కొంచెం మసకబారినా అంకె అంత తొందరగా చెడదు. ఈ లెక్కలో ఇంకో మంచి గుణం ఉంది. ఆక్సిజన్ తక్కువున్నప్పుడే మెరుపు వ్యవధిలో తేడా బాగా తెలుస్తుంది. చేపకు ప్రాణం మీదికొచ్చే రెండు, మూడు మిల్లీగ్రాముల దగ్గర ఈ సెన్సార్ చూపు చాలా పదును. పది దాటాక అంత పదును ఉండదు. మనకు కావాల్సిందీ అదే కదా.

పాత మీటర్లకూ వీటికీ తేడా కూడా ఇక్కడే ఉంది. 1956లో లీలాండ్ క్లార్క్ చేసిన ఎలక్ట్రోడు రకం మీటర్లు ఆక్సిజన్‌ను తింటూ కొలుస్తాయి. కదలని నీళ్ళలో ప్రోబు పెట్టి వదిలేస్తే, దాని మొహం దగ్గరున్న ఆక్సిజన్ అది తినేసి, అంకె కిందికి జారుతూ పోతుంది. అందుకే వాటిని ఊపుతూనే ఉండాలి. ద్రావణం మార్చాలి, పొర బిగించాలి. చెరువు అడుగు నల్లబురదలో పుట్టే కుళ్ళుగుడ్డు వాసన గ్యాసు తగిలితే ఎలక్ట్రోడు పాడవుతుంది. ఆప్టికల్‌ది ఆక్సిజన్‌ను తినదు, ఆ గ్యాసుకు బెదరదు. నీళ్ళు ఎర్రమట్టితో బురదగా ఉన్నా దానికి ఒకటే, ఎందుకంటే క్యాప్ మీదున్న నల్లటి పూత బయటి వెలుగును లోపలికి రానివ్వదు. చుక్కలు వేసి రంగు చూసే కిట్లు మన బురదచెరువుల్లో సరిగా పనిచేయవు. ఇది పనిచేస్తుంది.

క్యాప్ దగ్గరే మొదలుపెట్టండి

ఏ పనికైనా ముందు క్యాప్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. మొహం మీద గీతలు పడ్డాయా, నల్లపూత పొరలుగా లేచిందా, అంచుల్లో పాకుడు పట్టిందా? పాకుడే పట్టి ఉంటే భయపడే పనిలేదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్ళలో వేసి, మెత్తటి గుడ్డతోనో చిన్నపిల్లల టూత్‌బ్రష్‌తోనో మెల్లగా తుడవండి. స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, అసిటోన్ అస్సలు వద్దు. ఒక మురుగునీటి ప్లాంటులో కొత్త ఆపరేటరు శుభ్రంగా ఉంటుందని క్యాప్‌ను థిన్నర్‌తో తుడిచాడు. పొర ఉబ్బి, రంగు కరిగి గుడ్డకు అంటింది. ఆ గుడ్డనే జాగ్రత్తగా కవర్లో పెట్టి, ఇందులోంచి రంగు మళ్ళీ ఎక్కించగలరా అని నాకు పంపించారు.

క్యాప్ విప్పి బిగించేటప్పుడు రబ్బరు రింగును చూసుకోండి. లోపలి గాజుకన్ను మీద తడి ఉండకూడదు. క్యాప్ లోపల చెమ్మ చేరితే అంకె ఊరికే గెంతులు వేస్తుంది. చాలామంది దాన్ని సెన్సార్ పోయిందనుకుంటారు. విప్పి, కన్నును కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో ఒత్తి, ఆరనిచ్చి బిగిస్తే సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

ఎక్కువ కంపెనీల క్యాప్‌లు తడిగా ఉండటానికి ఇష్టపడతాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో గోడ మేకుకు తగిలించిన ప్రోబు ఎండిపోతుంది. ఎండిన క్యాప్‌ను వాడేముందు ఒక రోజు నీళ్ళలో నానబెట్టాలి. కాబట్టి ప్రోబుతో వచ్చే గొట్టంలో చిన్న తడి స్పాంజి పెట్టి మూసి ఉంచండి. పొడిగానే ఉంచాలనే కంపెనీలూ ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మాన్యువల్ ఏం చెబితే అదే చేయండి. ఎండ నేరుగా తగిలితే రంగు వెలుస్తుంది, క్యాప్ మొహం ఎప్పుడూ నీడలోనే ఉండాలి.

గాలి ఒత్తిడి: మన ఊరి అంకె

సముద్రమట్టంలో గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్లు. మెరక మీదికి పోయేకొద్దీ ప్రతి 100 మీటర్లకు సుమారు 9 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కడప 138 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 748 దరిదాపు. కర్నూలు 275 మీటర్ల పైచిలుకు, ఇక్కడ 735. అనంతపురం 335 మీటర్లు, అక్కడ 730. వాతావరణాన్ని బట్టి రోజూ కొన్ని మిల్లీమీటర్లు అటూఇటూ అవుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఇంకాస్త తగ్గుతుంది. మన పనికి ఈ అంకెలు సరిపోతాయి.

అనంతపురంలో కూర్చుని 760 మీద క్యాలిబ్రేట్ చేశారనుకోండి, అంటే మీటరుకు నూరు శాతం ఎంతో నేర్పారనుకోండి. ఆ తర్వాత మీటరు చూపించే మిల్లీగ్రాములు నూటికి నాలుగు ఎక్కువ ఉంటాయి. మూడు మిల్లీగ్రాముల దగ్గర ఆ తేడా 0.1 మిల్లీగ్రామే. చేపల రైతుకు ఇదొక్కటే కొంప ముంచదు. కానీ ఉప్పు తేడా, ఎండ తేడా దీనికి తోడైతే ఒకటి పెంచి ఇంకొకటి తగ్గించి, చివరికి ఏ అంకెను నమ్మాలో తెలియని పరిస్థితి వస్తుంది. నది నీళ్ళ శాంపిళ్ళు తీసి రికార్డు రాసేవాళ్ళకు మాత్రం ఈ నాలుగు శాతం పెద్ద విషయమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో నది నీళ్ళు స్నానానికి పనికి రావాలంటే డీఓ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, చేపలకైతే 4. హంద్రీలో 4.9 ఉన్నదాన్ని 5.1 అని రాస్తే కాగితం మీద నది బాగుపడిపోయినట్టే!

ఫోన్‌లోని వెదర్ యాప్ చూసి ఒత్తిడి వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. యాప్ 1008 అని చూపిస్తుంది. అది హెక్టోపాస్కల్స్‌లో ఉంటుంది, 0.75తో గుణిస్తే 756 మిల్లీమీటర్లు. ఇంతవరకు లెక్క సరే. కానీ యాప్‌లు సాధారణంగా సముద్రమట్టానికి మార్చిన ఒత్తిడిని చూపిస్తాయి. ఊళ్ళ మధ్య వాతావరణం పోల్చడానికి అది పనికొస్తుంది, మన క్యాలిబ్రేషన్‌కు పనికిరాదు. అనంతపురంలో నిజంగా ఉండేది 973 హెక్టోపాస్కల్స్ చుట్టుపక్కల. ఫోన్‌లోనే బారోమీటరు సెన్సార్ ఉంటే, దాన్ని నేరుగా చదివే యాప్ చూపించే అంకె మాత్రం వాడుకోవచ్చు. మీటరులోనే బారోమీటరు ఉంటే దాని జోలికి పోవద్దు, అది చదివేది అసలు ఒత్తిడినే.

ఉప్పు సెట్టింగు

ఉప్పు పెరిగేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ పట్టేది తగ్గుతుంది. సెన్సార్‌కు ఒత్తిడి మాత్రమే తెలుసు కాబట్టి ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ దానికి ఒకటే. తేడా మనం చెప్పాలి. రొయ్యల చెరువులో లీటరుకు 15 గ్రాముల సెట్టింగుతో వాడిన మీటరును అలాగే మన మంచినీటి చెరువులో ముంచితే, ఉన్నదానికంటే సుమారు ఎనిమిది శాతం తక్కువ చూపిస్తుంది. రైతు అనవసరంగా రాత్రంతా ఏరియేటర్ (నీళ్ళకు గాలి పట్టించే యంత్రం) తిప్పి కరెంటు బిల్లు కడతాడు. మంచినీళ్ళకు సున్నా పెట్టండి. అనంతపురం బోర్లలో ఉప్పదనం ఎక్కువ ఉన్నా, ఈసీ (నీళ్ళ విద్యుత్ వాహకత) 2000 ఉంటే ఉప్పు లీటరుకు గ్రాము దరిదాపు, డీఓలో తేడా అర శాతం. దానికోసం తల పగలగొట్టుకోవద్దు.

ఎండాకాలం క్యాలిబ్రేషన్

మన దగ్గర మీటర్లు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

క్యాలిబ్రేషన్ అంటే మీటరుకు నూరు శాతం ఎంతో చూపించడం. నూరు శాతమంటే గాలి నుంచి నీళ్ళు పట్టగలిగినంత ఆక్సిజన్ పట్టి ఉండటం. దానికి నీళ్ళక్కర్లేదు. తేమతో నిండిన గాలి చాలు. ప్రోబుతో వచ్చిన గొట్టంలో తడి స్పాంజి ఉంచి, క్యాప్ మొహం మీద చుక్క లేకుండా తుడిచి, గొట్టంలో వదులుగా పెట్టి పది నిమిషాలు ఆగాలి. మరీ బిగించి మూస్తే లోపల ఒత్తిడి మారుతుంది, కొంచెం గాలి ఆడాలి. వేడి అంకె కదలకుండా నిలబడ్డాక బటన్ నొక్కాలి. మాన్యువల్‌లో అంతే రాసి ఉంటుంది. మన ఎండల గురించి అందులో ఉండదు.

మీటరు ఆ గాలి తేమతో నిండి ఉందనే నమ్ముతుంది. 40 డిగ్రీల దగ్గర నిండు తేమ గాలిలో ఆవిరి ఒత్తిడే 55 మిల్లీమీటర్లు. ఆ మేరకు ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది, మీటరు దాన్ని తీసేసి లెక్క కడుతుంది. ఇప్పుడు స్పాంజి ఎండిపోయిందనుకోండి, లేదా గొట్టమే లేకుండా బయట గాలిలో పట్టుకున్నారనుకోండి. మే నెల మధ్యాహ్నం అనంతపురం గాలిలో తేమ ఎక్కడిది? ఆవిరి పది మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. అప్పుడు క్యాప్‌కు తగిలే ఆక్సిజన్ మీటరు అనుకున్నదానికంటే ఎక్కువ. దాన్నే అది నూరు అనుకుంటుంది. ఆ తర్వాత ప్రతి రీడింగూ ఆరు శాతం దాకా తక్కువ వస్తుంది. చల్లటి దేశాల్లో ఈ తప్పు ఒక శాతం కూడా ఉండదు, 10 డిగ్రీల దగ్గర నిండు తేమ గాలిలోనైనా ఆవిరి 9 మిల్లీమీటర్లే మరి. అందుకే మాన్యువల్ రాసినవాళ్ళు దీని గురించి పెద్దగా బెంగపడరు.

రెండో చిక్కు తడి ప్రోబుది. చెరువులోంచి తీసి తడి తుడవకుండా వేడిగాలిలో పట్టుకుంటే, వేడి కొలిచే చిన్న లోహపు ముక్క మీదున్న నీళ్ళు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తాయి. బయట 42 ఉంటే అది 30 అని కూడా చూపించవచ్చు. మీటరు లెక్కంతా వేడి మీదే నడుస్తుంది కాబట్టి అక్కడ నొక్కిన బటన్ మొత్తం రోజు రీడింగులను చెడగొడుతుంది.

నా పద్ధతి ఇది. క్యాలిబ్రేషన్ పొద్దున్నే ఇంట్లో చేస్తాను, చెరువుగట్టు మీద కాదు. స్పాంజి చేత్తో పిండి చూస్తాను, నీళ్ళు కారకూడదు కానీ వేలికి తడి తగలాలి. గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టి నీడలో పెడతాను. ఆ గుడ్డ గొట్టాన్నంతా ఒకే వేడిలో ఉంచుతుంది. వేడి అంకె రెండు మూడు నిమిషాలు పదో వంతు కూడా కదలకుండా ఉంటేనే నొక్కుతాను. బండి ట్యాంకు మీద పెట్టి క్యాలిబ్రేట్ చేసేవాళ్ళను చూశాను, ఆ ట్యాంకు మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు.

గొట్టం పోగొట్టుకున్నవాళ్ళు బకెట్ నీళ్ళతో చేయవచ్చు. అక్వేరియం పంపు పెట్టి గంటసేపు బుడగలు వదిలి, పంపు ఆపి, బుడగలు పోయాక ప్రోబు ముంచి నూరు చెప్పాలి. బోరు నీళ్ళు పట్టీపట్టగానే వాడవద్దు, భూమిలోంచి వచ్చే నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. తొట్టిలో నిలవున్న నీళ్ళు మేలు.

రోజూ చేయాలా? ఆప్టికల్ సెన్సార్ అంత త్వరగా జారదు. రోజూ గొట్టంలో పెట్టి అంకె చూసుకోండి. నూటికి రెండు మూడు లోపల తేడా ఉంటే ముట్టుకోవద్దు. కొన్ని మీటర్లు అనంతపురంలో సరిగా క్యాలిబ్రేట్ అయ్యాక 100 బదులు 96 చూపిస్తాయి. సముద్రమట్టంతో పోల్చి చెబుతున్నాయన్నమాట, 730ని 760తో భాగిస్తే వచ్చేది అదే. దాన్ని తప్పనుకుని నూరు వచ్చేదాకా బటన్ నొక్కకండి.

సున్నా పరీక్ష

నెలకోసారి సున్నా కూడా చూడండి. అర లీటరు నీళ్ళలో 8 నుంచి 10 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపితే అది ఆక్సిజన్‌ను తినేస్తుంది. చిటికెడు కోబాల్ట్ క్లోరైడ్ వేస్తే పని తొందరగా అవుతుంది, కానీ అది విషం, చేతికి గ్లోవ్స్ ఉండాలి, ఆ నీళ్ళు చెరువులోకి పోకూడదు. కోబాల్ట్ లేకుండా ఇంకాసేపు ఆగినా సరిపోతుంది. ఈ సల్ఫైట్ ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో ఫిల్మ్ డెవలపర్‌లో కలిపేవాళ్ళు, ఇప్పుడు ల్యాబు కెమికల్స్ అంగట్లో అడగాలి. ప్రోబు ముంచాక అంకె మెల్లగా దిగి 0.1, 0.2 దగ్గర నిలిస్తే బాగున్నట్టు. అర మిల్లీగ్రాము దగ్గర ఆగిపోతే ముందు ద్రావణం పాతదేమో చూడండి, తర్వాత క్యాప్‌ను అనుమానించండి. ప్రోబును బాగా కడిగాకే చెరువుకు తీసుకెళ్ళాలి.

ఎక్కడ ముంచాలి, ఎప్పుడు ముంచాలి

కేసీ కాలువ కింద చెరువు పెట్టిన ఒక రైతు మీటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అన్నా, పొద్దుమునిగేప్పుడు తొమ్మిది చూపించింది. తెల్లార్తో చేపలన్నీ తలలు పైకి పెట్టినాయి. ఇది అబద్ధం చెప్తాంది."

"రాత్రి చూసినావా?" అన్నాను.

"రాత్రి గట్టు మీద ఎవరు తిరుగుతారన్నా, పాములుంటాయి."

మీటరు చెప్పింది నిజమే. పచ్చగా నాచునీళ్ళున్న చెరువు పగలంతా ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. మధ్యాహ్నం మూడు, నాలుగింటికి 12, 14 మిల్లీగ్రాములు, శాతంలో 150కి పైన కూడా చూపిస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు. రోజుకు ఒక్క రీడింగే తీయగలిగితే అది నాలుగు, ఐదు గంటల మధ్యే తీయాలి. మధ్యాహ్నం రీడింగు చూసి సంతోషపడటం దండగ.

పాముల రైతుకు నేను చెప్పిన ఉపాయం చాలా ఏళ్ళుగా చెరువుల సాగులో ఉన్నదే. పొద్దుమునిగాక ఒకసారి, మూడు గంటల తర్వాత ఒకసారి చూడాలి. ఏడింటికి 8, పదింటికి 6.5 ఉందనుకోండి. మూడు గంటల్లో ఒకటిన్నర పోయింది, అంటే గంటకు అర. తెల్లవారి ఐదింటికి ఇంకో ఏడు గంటలుంది, మూడున్నర పోతుంది. మిగిలేది 3. ఏరియేటర్ ఒంటిగంటకల్లా తిప్పాలని పదింటికే తెలిసిపోతుంది. చేపలు తేలాక ఆక్సిజన్ బిళ్ళల కోసం పరిగెత్తే టెన్షన్ ఉండదు. మబ్బుపట్టిన రోజున పగలు తయారయ్యేదే తక్కువ, సాయంత్రం అంకె 6 దగ్గరే మొదలవుతుంది. తగ్గే వేగం మాత్రం అలాగే ఉంటుంది. వరసగా రెండు రోజులు మబ్బు వేస్తే నిద్ర మానుకోవాల్సిందే.

ముంచే చోటు కూడా ముఖ్యం. గాలి తోసే వైపు గట్టు దగ్గర అలలు కొట్టి ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది, ఏరియేటర్ పక్కన సరేసరి. ఆ రెండు చోట్లా తీసిన అంకె చెరువు అంకె కాదు. గాలి వచ్చే వైపున, గట్టు నుంచి కాస్త లోపలికి, పైనుంచి అడుగు లోతులో ఒకటి, నేలకు అడుగు పైన ఒకటి తీయాలి. కేబుల్‌కు అడుగడుగుకూ రంగు టేపు చుట్టుకోండి. బురదలో ప్రోబు కూరుకుపోతే సున్నా చూపిస్తుంది, అది బురద సంగతి. పైన 7 ఉండి కింద 1.5 ఉన్న చెరువులు ఎండాకాలంలో మామూలే. మృగాల చేప చెరువు అడుగునే తింటుంది కాబట్టి మొదట ఇబ్బంది పడేది అదే. గండికోట రిజర్వాయరు లాంటి లోతు నీళ్ళలో కొలిచేవాళ్ళయితే మీటరు లోతుకో రీడింగు రాసుకుంటూ ప్రోబును దించాలి.

ముంచగానే వచ్చిన అంకె రాసుకోవద్దు. ముందు వేడి నిలబడుతుంది, తర్వాత డీఓ. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. క్యాప్ మొహం మీద గాలిబుడగ అంటుకుంటే ఉన్నదానికి సంబంధం లేని అంకె చూపిస్తుంది. పచ్చటి చెరువులో మధ్యాహ్నం బుడగలు వాటంతటవే పుట్టుకొస్తాయి. ప్రోబును ఏటవాలుగా దించి ఒకసారి ఊపితే చాలు.

అంకెను ఎలా చదవాలి

శాతం ఒక్కటే చూసి ధైర్యపడకండి. సముద్రమట్టంలో 20 డిగ్రీల నీళ్ళలో నూరు శాతమంటే 9.09 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకు 7.56, 35కు 6.95. అనంతపురం ఎత్తులో 35 డిగ్రీల నీళ్ళు నూరు శాతం నిండినా 6.7 మించవు. అదే నీళ్ళలో 50 శాతమంటే 3.3 మాత్రమే. చేపలు ఊపిరాడేది మిల్లీగ్రాములతో అనుకోండి, చెరువు ఆరోగ్యం తెలిసేది శాతంతో. మధ్యాహ్నం 180, తెల్లవారి 35 ఉంటే నాచు మితిమీరిందని అర్థం, మేత తగ్గించాలి.

బొచ్చె, రోహు, మృగాలకు 5 పైన ఉంటే హాయి. 3 నుంచి 5 మధ్య మేత సరిగా తినవు. 3 కిందికి పోతే ఏరియేటర్ ఆగకూడదు. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, దానికి ఈ లెక్క వర్తించదు. మురుగునీటి ప్లాంటు గాలి తొట్టిలో 2 దగ్గర ఉంచుతారు, అంతకంటే ఎక్కువ ఊదితే కరెంటు వృథా.

మీటరు మీద అనుమానం తీరకపోతే రసాయనాలతో డీఓ కొలిచే వింక్లర్ పరీక్ష చేయించండి. 1888 నాటి పద్ధతి, ఇప్పటికీ పెద్దరికం దానిదే. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అడిగితే సామాన్లు ఉంటాయి. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ రెండేసి మిల్లీలీటర్లు అడుగున వదిలి మూయాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ రెండు మిల్లీలీటర్లు పోస్తే కరిగి పసుపు ద్రవం అవుతుంది. అందులో 200 మిల్లీలీటర్లకు 0.025 నార్మల్ థయోసల్ఫేట్ ఎన్ని మిల్లీలీటర్లు పడితే డీఓ అన్ని మిల్లీగ్రాములు. అదే బకెట్లోని నీళ్ళలో అదే సమయంలో మీటరు ముంచి రెండూ పక్కపక్కన రాయండి. 0.2, 0.3 లోపల కలిస్తే మీటరు బంగారం.

కొనేటప్పుడు

అంగట్లో మీటరు ధర అడిగేముందు క్యాప్ ధర అడగండి, అది ఇండియాలో స్టాకు ఉందో లేదో అడగండి. క్యాప్ మామూలుగా ఏడాది, రెండేళ్ళు వస్తుంది, తర్వాత మార్చాల్సిందే. పెట్టె మీద తయారైన తేదీ చూడండి. వాడకుండా షెల్ఫులో ఉన్నా కొన్ని క్యాప్‌లకు వయసు అయిపోతుంది. కొన్ని కంపెనీల క్యాప్‌తో పాటు ఒక కాగితం మీద అంకెల కోడ్ వస్తుంది, కొత్త క్యాప్ బిగించాక దాన్ని మీటరులో ఎక్కించాలి. పాత కోడ్‌తో కొత్త క్యాప్ సరిగా చదవదు. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, పెట్టె వెనక కూడా పెన్నుతో రాసుకోండి. గాలి ఒత్తిడి, ఉప్పు మార్చే వీలులేని చవక మీటరు ఎంత తక్కువకిచ్చినా నేనైతే కొనను. కేబుల్ మీ చెరువు లోతుకు కనీసం రెట్టింపు ఉండేలా చూసుకోండి, గట్టు మీద కూర్చునేవాడి చెయ్యి దాకా రావాలి కదా.